ముద్ద దిగకపోవడం తొలి సంకేతం కాదు: అన్నవాహిక క్యాన్సర్‌ను ముందే పట్టుకోవడం ఎలా?

సారాంశం: అన్నవాహిక క్యాన్సర్ తొలిదశలో దాదాపు ఏ బాధా పెట్టదు. మింగడం కష్టమయ్యేసరికి చాలామందిలో అది గోడలోకి లోతుగా దిగి ఉంటుంది. అందువల్ల లక్షణాల కోసం ఎదురుచూస్తే లాభం లేదు. ముప్పు ఎవరికి ఎక్కువో గుర్తించి, వారి అన్నవాహికను ఎండోస్కోపీతో, అంటే నోటి ద్వారా కెమెరా గొట్టం వేసి, నిదానంగా చూడాలి. జబ్బు పైపొరకే పరిమితమైతే ఛాతీ కోయకుండా నోటి ద్వారానే తీసేయవచ్చు. అది ఎంత లోతుకు వెళ్లిందన్న సంగతి మాత్రం తీసిన ముక్కను పరీక్షించాకే కచ్చితంగా తేలుతుంది.

మొదట్లో ఎందుకు తెలియదు?

ఛాతీలో మంట రాగానే క్యాన్సరేమోనని బెంబేలెత్తేవారు ఉన్నారు. ముద్ద పట్టేస్తుంటే గుక్కెడు నీళ్లు తాగి నెలల తరబడి నెట్టుకొచ్చేవారూ ఉన్నారు. నిజానికి మంటతో వచ్చేవారిలో అత్యధికులకు క్యాన్సర్ ఉండదు. వెంటనే చూడాల్సింది ముద్ద పట్టేస్తోందని చెప్పేవారిని. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ ఈ విషయంలో స్పష్టంగా ఉంది: మింగడం కష్టంగా ఉందంటే వయసు ఎంతైనా సరే, రెండు వారాల్లోపు ఎండోస్కోపీ చేయాలి. అయితే ఆ జాగ్రత్త తీసుకున్నా చాలామందిలో తొలిదశ అప్పటికే దాటిపోయి ఉంటుంది.

కారణం ఆ అవయవం నిర్మాణంలోనే ఉంది. అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల పొడవున్న కండర గొట్టం. ముద్ద వచ్చినప్పుడు సాగుతుంది, దిగిపోయాక ముడుచుకుంటుంది. ఈ సాగే గుణం వల్ల గోడకు ఒకవైపు చిన్న గడ్డ పెరుగుతున్నా రెండోవైపు సర్దుకుంటుంది. లోపలి దారి సుమారు 13 మిల్లీమీటర్లకు ఇరుకయ్యేదాకా గట్టి తిండి పట్టేస్తున్నట్టు చాలామందికి స్పష్టంగా తెలియదు. ముందు మాంసం ముక్క, చపాతీ, గట్టి అన్నం ముద్ద ఇబ్బంది పెడతాయి. తర్వాత పలచటి పప్పన్నం, జావ. చివరకు నీళ్లు, సొంత ఉమ్మి కూడా దిగవు. ఈ మధ్యకాలంలో మనిషి తనకు తెలియకుండానే అలవాట్లు మార్చుకుంటాడు. అన్నం మెత్తగా వండించుకుంటాడు, చారు ఎక్కువ పోసుకుంటాడు, ముద్ద ముద్దకూ నీళ్లు తాగుతాడు. తిండి తగ్గిన సంగతి బరువు తగ్గాక గానీ బయటపడదు.

రెండో కారణం ఇంకా కీలకమైనది. పెద్దపేగులో క్యాన్సర్ గోడ లోపలివైపు పైపొర అయిన శ్లేష్మ పొరకే పరిమితమైతే లింఫ్ గ్రంథులకు పాకడం దాదాపు ఉండదు. అన్నవాహికలో లింఫ్ నాళాలు శ్లేష్మ పొరలోకే చొచ్చుకొచ్చి, గొట్టం పొడవునా పైకీ కిందకీ అల్లుకుని ఉంటాయి. పైగా కడుపు, పేగుల మీద ఉండే బయటి పలుచని కవచం అన్నవాహికకు చాలావరకు లేదు. కండర పొర దాటితే పక్కనే శ్వాసనాళం, బృహద్ధమని ఉంటాయి. కాబట్టి కొద్దిపాటి లోతు కూడా ఇక్కడ పెద్ద తేడా తెస్తుంది.

ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం అంచనా ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 5.1 లక్షల మందికి ఈ జబ్బు కొత్తగా బయటపడింది. అదే ఏడాది సుమారు 4.45 లక్షల మంది దీనితో చనిపోయారు. కొత్త కేసుల సంఖ్యకూ మరణాల సంఖ్యకూ ఇంత దగ్గరి తేడా ఉండటానికి ప్రధాన కారణం ఆలస్యంగా బయటపడటమే. అమెరికా లెక్కల్లో ఈ క్యాన్సర్ వచ్చినవారిలో ఐదేళ్లు దాటేది మొత్తం మీద ఐదింట ఒకరు. జబ్బు అన్నవాహికకే పరిమితమై ఉండగా దొరికితే అది దాదాపు సగానికి పెరుగుతుంది. శ్లేష్మ పొర దాటనిచోట ఫలితం ఇంకా ఎంతో మెరుగ్గా ఉంటుంది.

ఒకే పేరు, రెండు జబ్బులు

అన్నవాహిక క్యాన్సర్ అని ఒకే మాటతో అంటున్నా, దాని కింద రెండు వేర్వేరు జబ్బులున్నాయి. వార్తల్లో కనిపించే గందరగోళంలో సగం ఈ రెండింటినీ కలిపేయడం వల్లే వస్తోంది.

మొదటిది స్క్వామస్ సెల్ కార్సినోమా. అన్నవాహిక లోపలి గోడను కప్పి ఉంచే పొలుసుల్లాంటి కణాల నుంచి పుడుతుంది. ఎక్కువగా పై, మధ్య భాగాల్లో వస్తుంది. ప్రపంచంలోని అన్నవాహిక క్యాన్సర్లలో నూటికి 85 వరకూ ఇదే. చైనా, ఇరాన్, మధ్య ఆసియా, తూర్పు ఆఫ్రికాలో దీని తాకిడి ఎక్కువ. మన దేశంలోనూ ప్రధానంగా ఇదే కనిపిస్తుంది. మేఘాలయలోని తూర్పు ఖాసీ హిల్స్, అస్సాం, కశ్మీర్ ఇందుకు పేరుపడ్డ ప్రాంతాలు. పొగాకు, మద్యం, వక్క, మరీ వేడిగా తాగే పానీయాలు దీనికి దారితీసే ముఖ్య కారణాలు. వక్కను క్యాన్సర్ కారకంగా 2004లోనే వర్గీకరించారు. 65 డిగ్రీల కన్నా వేడిగా ఉన్న పానీయాలను 2016లో ‘బహుశా క్యాన్సర్ కలిగించేవి’ అన్న జాబితాలో చేర్చారు. ఇరాన్‌లోని గోలెస్తాన్ రాష్ట్రంలో 50 వేల మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, 60 డిగ్రీలు, అంతకన్నా వేడి టీని రోజుకు 700 మిల్లీలీటర్లకు మించి తాగేవారికి ముప్పు సుమారు 90 శాతం ఎక్కువని తేలింది. దోషం టీలో లేదు, దాని వేడిలో ఉంది.

రెండోది అడెనో కార్సినోమా. జీర్ణాశయానికి దగ్గరగా, అన్నవాహిక అడుగుభాగంలో వస్తుంది. ఏళ్ల తరబడి ఆమ్లం పైకి ఎగదన్నడం, పొట్ట చుట్టూ కొవ్వు దీనికి మూలం. అమెరికా, పశ్చిమ యూరప్‌లలో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ఇదే. ఇంటర్నెట్‌లో ‘ఎసిడిటీ నుంచి క్యాన్సర్’ అని కనిపించే సమాచారంలో ఎక్కువ భాగం ఈ రెండో రకం గురించి, అక్కడివారి కోసం రాసినది. దాన్ని నేరుగా మనకు అన్వయించుకుంటే భయం ఒకచోట, ముప్పు మరోచోట ఉండిపోతాయి.

లిన్‌షియాన్, సిషియాన్ చూపినవి

తొలిదశను పట్టుకోవడం వల్ల ప్రాణాలు నిజంగా నిలుస్తాయా? ఈ ప్రశ్నకు గట్టి జవాబు చైనా పల్లెల నుంచి వచ్చింది. తైహాంగ్ పర్వతాల పక్కనున్న హెనాన్ రాష్ట్రంలోని లిన్‌షియాన్ ప్రాంతం ఈ క్యాన్సర్‌కు ప్రపంచంలోనే పేరుమోసింది. 1950ల చివర్లోనే అక్కడి వైద్యులు మడిచిన బెలూన్‌ను మింగించి, లోపల ఉబ్బించి, పైకి లాగి, దానికి అంటుకున్న కణాలను పరీక్షించే పద్ధతి కనిపెట్టారు. చౌకైనదే గానీ చాలా కేసులు దాని కళ్లు కప్పి తప్పించుకునేవి. తర్వాత దాని స్థానంలో ఎండోస్కోపీ వచ్చింది.

1987లో అక్కడ ఎండోస్కోపీ చేసి ముక్క తీసి పరీక్షించిన కొన్ని వందల మందిని పదమూడున్నర ఏళ్లపాటు గమనించారు. మొదట్లో కణాలు మామూలుగానే ఉన్నవారిలో క్యాన్సర్ వచ్చింది సుమారు 8 శాతం మందికి. కణాలు స్వల్పంగా గతి తప్పినవారిలో అది 24 శాతం. మధ్యస్థంగా మారినవారిలో 50 శాతం, తీవ్రంగా మారినవారిలో సుమారు 74 శాతం. క్యాన్సర్ ఒక్కరోజులో ఊడిపడదని, మెట్టు మెట్టుగా వస్తుందని, ప్రతి మెట్టు మీదా ఆపడానికి సమయం ఉంటుందని ఈ అంకెలు చెబుతున్నాయి. మెట్లు ఎక్కుతున్నంత సేపూ రోగికి ఏ బాధా ఉండదు. తొలిదశ గురించి అర్థం చేసుకోవాల్సిన విషయాల్లో ఇది ముఖ్యమైనది.

హెబెయ్ రాష్ట్రంలోని సిషియాన్‌లో మరో అడుగు వేశారు. కొన్ని గ్రామాల్లో 40 నుంచి 69 ఏళ్ల వారిని జీవితంలో ఒకే ఒక్కసారి ఎండోస్కోపీకి పిలిచారు. తీవ్రంగా మారిన కణాలో, తొలిదశ క్యాన్సరో కనిపిస్తే చికిత్స చేశారు. మరికొన్ని గ్రామాలను పోలిక కోసం ఉంచారు. పదేళ్ల తర్వాత లెక్కిస్తే ఈ క్యాన్సర్ వల్ల చనిపోయినవారు పరీక్షలు జరిపిన గ్రామాల్లో 3.35 శాతం, పోలిక గ్రామాల్లో 5.05 శాతం. మరణాలే కాదు, కొత్తగా క్యాన్సర్ రావడమూ తగ్గింది. ముందస్తు మెట్టు దగ్గరే తీసేశారు కనుక.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. వంద మందిలో ఐదుగురు పదేళ్లలో ఈ ఒక్క జబ్బుతో చనిపోయే ఊళ్లవి. అంత తాకిడి లేని చోట ఊరందరికీ ఎండోస్కోపీ చేస్తే ఖర్చు, శ్రమ, అనవసర ఆందోళన మిగులుతాయి. తెలుగు రాష్ట్రాలకు చైనా నమూనా యథాతథంగా పనికిరాదు. పనికొచ్చేది అందులోని సూత్రం. ముప్పు ఎవరికి గుమిగూడి ఉందో వారిని వెతికి చూడాలి.

గొట్టం వేస్తే సరిపోదు, చూడటం తెలియాలి

‘ఎండోస్కోపీ చేశారు, ఏమీ లేదన్నారు’ అన్న మాట చాలామందికి భరోసా ఇస్తుంది. ఆ భరోసా ఎంత గట్టిదన్నది పరీక్ష ఎలా జరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో, అన్నవాహిక, జీర్ణాశయ క్యాన్సర్ వచ్చినవారిలో సుమారు 11 శాతం మందికి అంతకుముందు మూడేళ్లలోపు జరిగిన ఎండోస్కోపీలో అది దొరకలేదని తేలింది.

ఎందుకు తప్పిపోతుంది? తొలిదశ స్క్వామస్ క్యాన్సర్ గడ్డలా ఉండదు. చాలాసార్లు చదునుగా, కాస్త ఎర్రబారిన మచ్చలా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పొర కింద సన్నని రక్తనాళాల అల్లిక కనిపిస్తుంటుంది. మచ్చ ఉన్నచోట ఆ అల్లిక ఉన్నట్టుండి చెరిగిపోతుంది. అంతే తేడా. నురగ, జిగురు కప్పి ఉన్నా, రోగి వాంతి ఉధృతితో కదులుతున్నా, వైద్యుడు జీర్ణాశయం వైపు త్వరగా వెళ్లిపోయినా అది కంటికి ఆనదు. గొంతుకు ఆనుకుని ఉన్న పై కొన్ని సెంటీమీటర్లు మరీ తేలిగ్గా తప్పిపోతాయి. గొట్టం అక్కడ జారినట్టు వెళ్లిపోతుంది. అందుకే బయటికి తీసేటప్పుడు ఆ భాగాన్ని మళ్లీ ఓపిగ్గా చూడాలి. పరీక్షకు ముందు నురగను విరిచే సిమెథికోన్, జిగురును కరిగించే అసిటైల్ సిస్టీన్ కలిపిన నీళ్లు తాగించడం, లోపల కడిగి చూడటం, మొత్తం పరీక్షకు కనీసం ఏడు నిమిషాలు కేటాయించడం బ్రిటన్ నిపుణుల సంఘం సూచించిన ప్రమాణాలు. వీటికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు.

కంటికి సాయపడేవి రెండున్నాయి. ఒకటి పాతది. ఫ్రెంచి వైద్యుడు జ్యాన్ ల్యూగోల్ పేరు మీద 1829 నుంచీ వాడుకలో ఉన్న అయోడిన్ ద్రావణం. ఆరోగ్యంగా ఉన్న పొలుసు కణాల్లో గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ నిండుగా ఉంటుంది. అయోడిన్ చల్లగానే అది ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. గతి తప్పిన కణాల్లో గ్లైకోజెన్ ఉండదు కాబట్టి ఆ మేర రంగు పట్టకుండా పసుపుపచ్చగా మిగులుతుంది. రెండు మూడు నిమిషాలు ఆగితే వాటిలో కొన్ని గులాబీ రంగుకు మారతాయి. అలా మారినవి తీవ్రమైన మార్పో, క్యాన్సరో అయ్యే అవకాశం చాలా ఎక్కువ. అయోడిన్‌తో ఛాతీలో మంట పుడుతుంది. చివర్లో సోడియం థయోసల్ఫేట్ చల్లితే అది తగ్గుతుంది. అయోడిన్ పడనివారికీ, థైరాయిడ్ ఎక్కువగా పనిచేసేవారికీ దీన్ని వాడరు.

రెండోది ఎన్‌బీఐ అనే వెలుగు. మామూలు తెల్లని కాంతికి బదులు 415, 540 నానోమీటర్ల నీలి, ఆకుపచ్చ కాంతులను మాత్రమే వాడతారు. రక్తంలోని హీమోగ్లోబిన్ వీటిని బాగా పీల్చుకుంటుంది కాబట్టి పైపొరలోని సన్నని రక్తనాళాలు ముదురుగా తేలతాయి. జబ్బు ఉన్నచోటు గోధుమ రంగు మచ్చలా కనిపిస్తుంది. జపాన్‌లో 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో తొలిదశ అన్నవాహిక క్యాన్సర్లను మామూలు కాంతి 55 శాతం పట్టుకోగా, ఎన్‌బీఐ 97 శాతం పట్టుకుంది. బటన్ నొక్కితే కాంతి మారుతుంది, మంట ఉండదు, అదనపు మందూ అక్కర్లేదు.

ఎన్‌బీఐతో పాటు పెద్దది చేసి చూపే లెన్స్ ఉంటే లోతును కూడా ఊహించవచ్చు. శ్లేష్మ పొరలో ఉండే సూక్ష్మ రక్తనాళాలు మామూలుగా సన్నని ఉచ్చుల్లా ఉంటాయి. క్యాన్సర్ వచ్చినప్పుడు అవి ఉబ్బి, మెలికలు తిరిగి, ఒక్కోటి ఒక్కో మందంతో, ఒక్కో ఆకారంలో ఉంటాయి. జపాన్ అన్నవాహిక వైద్యుల సంఘం వీటిని వర్గీకరించింది. ఉచ్చు ఆకారం ఇంకా మిగిలి ఉంటే బీ1, అంటే జబ్బు పైపైనే ఉండొచ్చు. ఉచ్చు విడిపోయి అడ్డంగా సాగితే బీ2, మరీ లావెక్కితే బీ3. అంకె పెరిగేకొద్దీ లోతు పెరిగినట్టు. ముక్క తీయకముందే చికిత్స దారి గురించి ఒక అంచనాకు రావడం దీనివల్ల సాధ్యమైంది. ముక్క పరీక్ష ఎలాగూ అవసరమే. కానీ చిన్న మచ్చ నుంచి అవసరానికి మించి ముక్కలు తీస్తే అక్కడ గాయం మానుతూ పొరలు అతుక్కుపోతాయి. తర్వాత ఎండోస్కోపీతో తీయడం కష్టమవుతుంది. ఈ సంగతి చాలాచోట్ల పట్టించుకోవడం లేదు.

మిల్లీమీటరులో ఐదో వంతు

తొలిదశ అంటే చిన్నది అని కాదు, పైపైన ఉన్నది అని. ఐదు సెంటీమీటర్ల వెడల్పున పరుచుకున్నా పైపొరలోనే ఉంటే అది తొలిదశే. సెంటీమీటరే ఉన్నా కండరంలోకి దిగితే కాదు.

అన్నవాహిక గోడలో లోపలి నుంచి మొదట వచ్చేది శ్లేష్మ పొర. దాన్ని మళ్లీ మూడు అంతరాలుగా చూస్తారు: పై కణాల వరుస, దాని కింది మెత్తని పొర, ఆ అడుగున పలుచని కండర పట్టీ. దాని కింద అడుగు పొర, ఆ తర్వాత అసలు కండరం. శ్లేష్మ పొరలో ఉన్న క్యాన్సర్‌ను టీ1ఏ అని, అడుగు పొరలోకి దిగినదాన్ని టీ1బీ అని రిపోర్టుల్లో రాస్తారు.

స్క్వామస్ రకంలో మొదటి రెండు అంతరాల్లోనే ఉంటే లింఫ్ గ్రంథులకు పాకే అవకాశం చాలా తక్కువ, మహా అయితే ఐదు శాతం లోపు. పలుచని కండర పట్టీని తాకితే అది పది శాతం చుట్టుపక్కలకు చేరుతుంది. అడుగు పొరలోకి లోతుగా వెళితే పది మందిలో నలుగురి దాకా పాకి ఉండొచ్చు. అడుగు పొరలోకి 200 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఐదో వంతు దిగిందా లేదా అన్నది ఈ జబ్బులో ముఖ్యమైన సరిహద్దు. అడెనో కార్సినోమాలో ఆ గీత 500 మైక్రాన్ల దగ్గర ఉంది. అది కాస్త ఉదారంగా ఉండటానికి కారణం, ఆ రకంలో శ్లేష్మ పొర దాటని క్యాన్సర్ లింఫ్ గ్రంథులకు పాకడం సుమారు రెండు శాతమే.

ఇంత సన్నని తేడాను స్కానింగ్‌లు చూపలేవు. సీటీ, పెట్ స్కాన్‌లు దూరానికి పాకిందా, గ్రంథులు పెరిగాయా అన్నది చూపుతాయి. పొరలో లోతు చెప్పలేవు. ఎండోస్కోపీ గొట్టం చివర అల్ట్రాసౌండ్ అమర్చి చూసినా టీ1ఏ, టీ1బీల మధ్య తరచూ పొరబడుతుంది. ముక్క పరీక్షలోనూ పైన గిల్లిన భాగమే కనిపిస్తుంది, కింద ఏముందో తెలియదు. కాబట్టి లోతుగా పాకిన ఆనవాళ్లు ముందే కనిపించని కేసుల్లో మచ్చను మొత్తంగా తీసేయడమే సరైన రోగనిర్ధారణ. మిగతా చాలా క్యాన్సర్లలో ముందు నిర్ధారణ, తర్వాత చికిత్స. ఇక్కడ రెండూ ఒకే పనిలో జరుగుతాయి. ‘ఆపరేషన్ అయ్యాక కూడా ఇంకా రిపోర్టు రావాలంటున్నారేమిటి’ అని కుటుంబాలు అయోమయపడేది ఇక్కడే.

నోటి ద్వారా తీయడం ఎలా జరుగుతుంది?

మొదట్లో మచ్చను చిన్న టోపీలాంటి గొట్టంలోకి పీల్చి, ఉచ్చుతో బిగించి కోసేవారు. దీన్ని ఈఎంఆర్ అంటారు. ఒకటిన్నర సెంటీమీటర్ల లోపు మచ్చలకు ఇప్పటికీ బాగానే పనికొస్తుంది. అంతకన్నా పెద్దదైతే ముక్కలు ముక్కలుగా తీయాల్సి వస్తుంది. అప్పుడు అంచులు ఎక్కడివో, అంతా వచ్చిందో లేదో పాథాలజిస్టు చెప్పలేడు, జబ్బు తిరిగి రావడమూ ఎక్కువ. ఈ లోటును తీర్చడానికి జపాన్ వైద్యులు 1990ల చివర్లో జీర్ణాశయం కోసం రూపొందించిన పద్ధతి ఈఎస్‌డీ. తర్వాత దాన్ని అన్నవాహికకు తెచ్చారు.

రోగికి మత్తు ఇచ్చాక, ముందు మచ్చ చుట్టూ కొన్ని మిల్లీమీటర్లు వదిలి విద్యుత్ కొనతో చిన్న చిన్న చుక్కలు పెడతారు. సూదితో అడుగు పొరలోకి సెలైన్ గానీ, చిక్కటి హయలురోనిక్ ద్రావణం గానీ ఎక్కిస్తారు. అందులో కొంచెం నీలం రంగు కలుపుతారు. పొర ఉబ్బి కండరానికి దూరంగా లేస్తుంది. చుక్కల వెలుపల చుట్టూ గీత కోస్తారు. తర్వాత రెండు మూడు మిల్లీమీటర్ల కత్తితో ఆ నీలిరంగు పొరను కొద్దికొద్దిగా కోసుకుంటూ, అట్లకాడతో అట్టును చిరగకుండా పెనం మీంచి లేపినట్టు, మచ్చను ఒకే ముక్కగా విడదీస్తారు. నీలం కనిపిస్తున్నంత సేపూ సరైన పొరలో ఉన్నట్టు. తెల్లటి కండరం తేలితే కొన ఆపాలి. అన్నవాహిక గోడ మొత్తం మందమే కొద్ది మిల్లీమీటర్లు. గుండె కొట్టుకుంటుంటే అది కూడా కదులుతుంటుంది. అందుకే దీన్ని నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. అనుభవమున్న చేతుల్లో నూటికి తొంభైకి పైగా మచ్చలు ఒకే ముక్కగా వస్తాయి.

నష్టాలు లేకపోలేదు. రక్తస్రావం కావచ్చు, గోడకు చిల్లు పడవచ్చు. చాలా చిల్లులను అప్పటికప్పుడే క్లిప్పులతో మూసేయవచ్చు. రోగిని ఎక్కువగా వేధించేది తర్వాత వచ్చే ఇరుకు. గొట్టం చుట్టుకొలతలో నాలుగింట మూడొంతులకు మించి పొర తీసేస్తే, మానేటప్పుడు అది ముడుచుకుపోతుంది. మళ్లీ మళ్లీ బెలూన్‌తో వెడల్పు చేయించుకోవాల్సి వస్తుంది. దీన్ని నివారించడానికి పుండు అంచుల్లో ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ సూది గానీ, కొన్ని వారాలు స్టెరాయిడ్ మాత్రలు గానీ ఇస్తారు.

పోలిక కోసం శస్త్రచికిత్సను చూడాలి. అన్నవాహికలో అధిక భాగం తీసేసి, జీర్ణాశయాన్ని గొట్టంలా మలిచి ఛాతీలోకో మెడలోకో లాగి కుట్టాలి. ఛాతీ, పొట్ట రెండు చోట్లా పని ఉంటుంది. అతుకు కారడం, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరడం దీని పెద్ద ప్రమాదాలు. తర్వాత జీవితాంతం కొంచెం కొంచెంగా తినాలి, తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. జబ్బు లోతుగా ఉంటే ఇది ప్రాణం నిలిపే శస్త్రచికిత్స. జబ్బు పైపొర దాటకపోతే అంత మూల్యం చెల్లించాల్సిన అవసరం లేదు. ముందే పట్టుకోవడం వల్ల ఆయుష్షుతో పాటు మామూలుగా తినగలిగే జీవితం కూడా మిగులుతుంది. చర్చల్లో ఈ రెండోది తరచూ మరుగున పడిపోతుంది.

రిపోర్టు వచ్చాక అసలు నిర్ణయం

తీసిన ముక్కను చదునుగా పరిచి, అంచులకు పిన్నులు గుచ్చి, ఫార్మలిన్‌లో ఉంచి ల్యాబ్‌కు పంపుతారు. అక్కడ రెండు మిల్లీమీటర్ల పట్టీలుగా కోసి, ఒక్కోదాన్నీ చూస్తారు. రిపోర్టులో వెతకాల్సినవి నాలుగు: పక్క అంచులు శుభ్రంగా ఉన్నాయా, అడుగు అంచు శుభ్రంగా ఉందా, లోతు ఎంత, లింఫ్ నాళాల్లోకి గానీ రక్తనాళాల్లోకి గానీ క్యాన్సర్ కణాలు చొరబడ్డాయా. నాలుగూ అనుకూలంగా ఉండి, లోతు పై రెండు అంతరాలు దాటకపోతే చికిత్స పూర్తయినట్టే. ఇక క్రమం తప్పకుండా ఎండోస్కోపీతో చూసుకోవడమే. ‘పిన్నులు గుచ్చి పంపడం’ చిన్న విషయంలా కనిపించినా, ముక్కను అలాగే సీసాలో వేస్తే అది ముడుచుకుపోయి అంచు ఏదో, లోతు ఏదో తేలదు. కష్టపడి ఒకే ముక్కగా తీసిన ఫలమంతా అక్కడ పోతుంది.

అడుగు పొరలోకి దిగినట్టో, నాళాల్లోకి చొరబడినట్టో వస్తే లింఫ్ గ్రంథుల ముప్పు మిగిలే ఉంటుంది. ఒకప్పుడు ఇలాంటివారికి శస్త్రచికిత్స ఒక్కటే మార్గం. జపాన్ క్లినికల్ ఆంకాలజీ బృందం చేసిన రెండు అధ్యయనాలు మరో దారి చూపాయి. ఒకదానిలో, ఎండోస్కోపీతో తీశాక ఇలాంటి రిపోర్టు వచ్చినవారికి శస్త్రచికిత్స బదులు రేడియేషన్, కీమో కలిపి ఇచ్చారు. అడుగు అంచు శుభ్రంగా ఉన్న అలాంటివారిలో మూడేళ్లు దాటినవారు 90.7 శాతం. ఇంకోదానిలో అడుగు పొరలోకి దిగినా గ్రంథులకు పాకని క్యాన్సర్లలో నేరుగా శస్త్రచికిత్స చేసినవారినీ, రేడియేషన్ కీమోలు తీసుకున్నవారినీ పోల్చారు. ఐదేళ్లు దాటినవారు వరుసగా 86.5, 85.5 శాతం. దాదాపు సమానం. అయితే రేడియేషన్ దారిలో వెళ్లినవారిలో అదే చోట జబ్బు తిరిగి రావడం ఎక్కువ. దాన్ని త్వరగా పట్టుకుని మళ్లీ చికిత్స చేయగలిగినందువల్లే మొత్తం ఫలితం సమానంగా నిలిచింది. పరీక్షలకు క్రమం తప్పకుండా రాలేనివారికి ఈ దారి అంత క్షేమం కాదన్నది ఇందులోంచి తీసుకోవాల్సిన అర్థం.

ఎసిడిటీ దారిలో వచ్చే రకం

అడెనో కార్సినోమాకు ముందు మెట్టు బారెట్ అన్నవాహిక. ఆమ్లం దెబ్బ తగిలీ తగిలీ పొలుసు కణాల స్థానంలో పేగులో ఉండేలాంటి కణాలు వస్తాయి. వినడానికి భయంగా ఉన్నా, కణాల్లో మార్పులు లేని బారెట్ క్యాన్సర్‌గా మారడం అరుదు. డెన్మార్క్ దేశవ్యాప్త లెక్కల్లో అది ఏడాదికి 0.12 శాతం, అంటే వెయ్యి మందిలో ఒకరి చుట్టుపక్కల. కణాల్లో మార్పులు మొదలైతే కథ వేరు. కంటికి కనిపించే మచ్చను ఎండోస్కోపీతో తీసేసి, మిగిలిన బారెట్ పొరను రేడియో తరంగాల వేడితో కాల్చేస్తారు. 2014లో యూరప్‌లో వెలువడిన ఒక అధ్యయనంలో, స్వల్ప మార్పులున్నవారిని కేవలం గమనిస్తూ ఉంటే మూడేళ్లలో 26.5 శాతం మందిలో అది ముదిరింది. కాల్చినవారిలో 1.5 శాతమే. బ్రిటన్‌లో ఎండోస్కోపీ లేకుండా, దారం కట్టిన క్యాప్సూల్ మింగించి, లోపల విచ్చుకున్న స్పాంజిని బయటికి లాగి కణాలు సేకరించే పరీక్షను కూడా పరిశీలించారు. ఎసిడిటీ మాత్రలు వాడేవారిలో అది బారెట్‌ను మామూలు పద్ధతి కన్నా సుమారు పది రెట్లు ఎక్కువ మందిలో బయటపెట్టింది.

తెలుగు రాష్ట్రాల్లో ఎవరిని చూడాలి?

ఊరందరికీ అక్కర్లేదని పైన చెప్పుకున్నాం. మరి ఎవరికి? జవాబు మన దగ్గర ఇప్పటికే చికిత్స పొందుతున్న ఒక వర్గంలో ఉంది. నోరు, నాలుక, గొంతు క్యాన్సర్ వచ్చినవారు. గుట్కా, ఖైనీ, బీడీ, చుట్ట, మద్యం నోటి పొరను దెబ్బతీసినట్టే అన్నవాహిక పొరనూ దెబ్బతీస్తాయి. ఒకచోట క్యాన్సర్ బయటపడిందంటే, అదే పొగాకు ఆనిన మిగతా దారిలో కూడా మార్పులు మొదలై ఉండవచ్చు. వైద్యులు దీన్ని 1950ల నుంచీ గుర్తిస్తున్నారు. హైదరాబాద్ ఎంఎన్‌జే, విశాఖపట్నం హోమీ భాభా లాంటి ఆసుపత్రులకు నోటి క్యాన్సర్‌తో వచ్చేవారిని ఒకసారి ఎన్‌బీఐ వెలుగుతోనో, అయోడిన్‌తోనో చూస్తే ఎవరికీ తెలియకుండా పెరుగుతున్న రెండో జబ్బు దొరికే వీలుంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట కాలుతున్న కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుందని చాలాకాలంగా తెలుసు. ఆ రోగులకూ ఇదే వర్తిస్తుంది.

తర్వాతి వరుసలో ఏళ్ల తరబడి పొగాకు, మద్యం రెండూ కలిపి వాడేవారు ఉన్నారు. రెండూ కలిస్తే ముప్పు కూడిక లెక్కలో పెరగదు, గుణకారంలో పెరుగుతుంది. అన్నవాహిక కింది కవాటం తెరుచుకోని అకలేసియా ఉన్నవారు, ఎప్పుడో బాత్రూం యాసిడ్ తాగి బతికి బయటపడినవారు కూడా ఇందులోకి వస్తారు. యాసిడ్ గాయం తర్వాత క్యాన్సర్ రావడానికి దశాబ్దాలు పట్టవచ్చు. అప్పటికి ఆ సంగతి ఇంట్లో ఎవరూ వైద్యుడికి చెప్పరు. రక్తహీనత చాలాకాలం పట్టించుకోని స్త్రీలలో గొంతు అడుగున పలుచని పొరలు అడ్డుపడి మింగడం కష్టమయ్యే ఒక స్థితి ఉంది. అది కూడా గొంతు, అన్నవాహిక పైభాగాల్లో క్యాన్సర్ ముప్పును పెంచుతుంది. ఐరన్ లోటును సరిదిద్దడంతో పాటు ఒకసారి లోపల చూడటం అవసరం.

ఈఎస్‌డీ చేయగల కేంద్రాలు హైదరాబాద్‌లో ఉన్నాయి. జీర్ణకోశ ఎండోస్కోపీలో పేరున్న ఏఐజీ అక్కడే ఉంది. జిల్లా స్థాయిలో లోటు మరోచోట ఉంది. ఎండోస్కోపీ యంత్రాలు చాలా పట్టణాలకు చేరాయి. నురగ కడిగి, వెలుగు మార్చి, ఏడు నిమిషాలు చూసే అలవాటు అంతగా చేరలేదు. మచ్చను పట్టుకోవాల్సింది మొదటిసారి గొట్టం వేసిన చోటే. అక్కడ తప్పితే, తీసే నైపుణ్యం ఎంత ఉన్నా రోగి ముదిరిన తర్వాతే పెద్దాసుపత్రికి చేరుతున్నాడు.

తీసేసిన తర్వాత పని అయిపోదు. మిగిలిన అన్నవాహిక పొర అదే పొగాకు, అదే మద్యం తగిలిన పొర. అయోడిన్ చల్లితే రంగు పట్టని మచ్చలు అక్కడక్కడా ఎన్ని కనిపిస్తే కొత్త క్యాన్సర్ వచ్చే అవకాశం అంత ఎక్కువ. జపాన్‌లో ఎండోస్కోపీతో క్యాన్సర్ తీయించుకున్నవారిని గమనించిన ఒక అధ్యయనంలో, మద్యం పూర్తిగా మానేసినవారికి మళ్లీ మళ్లీ కొత్త క్యాన్సర్లు వచ్చే ముప్పు సగానికి పైగా తగ్గింది. తాగగానే ముఖం ఎర్రబడే జన్యు లక్షణం అక్కడ చాలామందిలో ఉంది, మన దగ్గర అరుదు. కాబట్టి ఆ అంకె ఇక్కడికి యథాతథంగా వర్తించకపోవచ్చు. మన దగ్గర మద్యంతో పాటు నమిలే పొగాకు, వక్క కూడా మానేయాల్సిన జాబితాలో ఉంటాయి. చికిత్స తర్వాత ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి ఎండోస్కోపీ చేయించుకుంటూ ఉంటే, కొత్తగా పుట్టే మచ్చ కూడా పైపొరలో ఉండగానే దొరుకుతుంది. దాన్నీ చాలాసార్లు నోటి ద్వారానే తీసేయవచ్చు.